రొమ్ము క్యాన్సర్ అని తెలిశాక: దేవుణ్ణి, ఇంటివాళ్లని, ఊరివాళ్లని తోడు తెచ్చుకోవడం ఎలా?

బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు చేతికొచ్చిన రోజు చాలామంది ఆడవాళ్ల మనసులో మెదిలే మొదటి ప్రశ్న జబ్బు గురించి ఉండదు. "పిల్లల్ని ఎవరు చూస్తారు? అత్తగారికి ఎలా చెప్పాలి? నేనేం పాపం చేశానని నాకీ శిక్ష?" ఇవే ముందు వస్తాయి. మందుల సంగతి చెప్పడానికి డాక్టర్లున్నారు. ఈ ప్రశ్నలకు మాత్రం ఇంట్లో, గుడిలో, చర్చిలో, మసీదులో, వీధిలో జవాబు వెతుక్కోవాలి. మీరు ఆ రిపోర్టు అందుకున్నవారైనా, మీ అమ్మో అక్కో వదినో అందుకున్నా, ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

ఒక మాట ముందే గట్టిగా అనుకోండి. వైద్యం తేదీలు క్యాలెండర్‌లో మొదట రాయాలి. మొక్కులు, పండగలు, చుట్టాల రాకపోకలు, పెళ్లిళ్లు అన్నీ ఆ తేదీల చుట్టూ సర్దుకోవాలి. ఈ వరుస తలకిందులైన ఇళ్లలోనే నెలలు వృథా అవుతాయి. వరుస సరిగ్గా ఉంటే దైవభక్తీ, కుటుంబమూ, ఊరూ మూడూ మీకు బలమవుతాయి.

మొదటి వారం: ఫైలు సిద్ధం చేసుకోండి

ఈ జబ్బు మనలో అరుదు కాదు. మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువ మందికి వచ్చేది ఇదే. 2022లో ఒక్క ఏడాదే సుమారు 1 లక్షా 90 వేల మందికి కొత్తగా వచ్చినట్టు అంతర్జాతీయ అంచనా. అంటే మీ మండలంలోనూ ఈ దారిలో నడిచినవాళ్లు ఉండే ఉంటారు. తొలి దశలో పట్టుబడితే చాలామంది వైద్యం పూర్తి చేసుకుని మామూలు జీవితంలోకి వస్తున్నారు.

గట్టి అట్ట ఉన్న ఫైలు ఒకటి కొనండి. మమోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), స్కానింగ్, బయాప్సీ, రక్తపరీక్షలు తేదీల వారీగా పెట్టండి. బయాప్సీతో పాటు ఈఆర్, పీఆర్ (గడ్డ హార్మోన్ల వల్ల పెరుగుతోందా అని చెప్పేవి), హెర్2 (గడ్డను పెంచే ఒక ప్రోటీన్ ఎక్కువగా ఉందా అని చెప్పేది) అనే మూడు ఫలితాలు రావాలి. ఏ మందు పనిచేస్తుందో తేల్చేది ఇవే. ఈఆర్, పీఆర్ పాజిటివ్ అయితే హార్మోన్ మాత్రలు పనిచేస్తాయి. హెర్2 పాజిటివ్ అయితే దానికి వేరే ఇంజెక్షన్ ఉంది. మూడూ నెగెటివ్ అయితే కీమో (క్యాన్సర్ కణాలను చంపే గట్టి మందులు ఎక్కించడం) మీద ఎక్కువగా ఆధారపడతారు. ఈ ఫలితాలు లేకుండా ఎవరైనా వైద్యం మొదలుపెడదామంటే "ఆ రిపోర్టు వచ్చిందా అండీ?" అని అడగండి.

"సూది గుచ్చితే గడ్డ కదిలి ఒళ్లంతా పాకుతుంది" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది నిజం కాదు. బయాప్సీ వల్ల జబ్బు పాకదు. బయాప్సీకి భయపడి వాయిదా వేస్తే మాత్రం గడ్డ పెరుగుతుంది. ఈ ఒక్క అపోహ వల్ల రెండో దశలో రావాల్సినవాళ్లు మూడో దశలో వస్తున్నారంటే నాకు చాలా బాధేస్తుంది.

రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలనిపిస్తే తీసుకోండి. పరీక్షలకూ ఆలోచనకూ రెండు మూడు వారాలు పట్టినా ఫర్వాలేదు, నెలలు పట్టకూడదు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్‌లో ఎన్.టి. రామారావు గారి భార్య పేరున 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి ఉంది. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి, తిరుపతిలో స్విమ్స్, అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల సాయంతో వచ్చిన క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఇంటికి దగ్గరగా ఉన్నది ఎంచుకోవడం మంచిది. ఈ వైద్యం చాలాసార్లు తిరగాల్సిన వైద్యం.

డాక్టర్ దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి. క్యాన్సర్ అనే మాట విన్నాక ఆ తర్వాత చెప్పింది చెవికెక్కదు. పక్కన కూర్చుని రాసుకునే మనిషి ఒకరు కావాలి. ఏడ్చే మనిషి కంటే రాసే మనిషిని తీసుకెళ్లండి.

ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి

మన ఇళ్లలో ఇదే అన్నిటికన్నా పెద్ద టెన్షన్. "పిల్లకి పెళ్లి కావాలి, బయటికి తెలిస్తే సంబంధాలు రావు" అని దాచిపెడతారు. దాచిన ఇంట్లో మనిషి ఆసుపత్రికి కూడా దొంగచాటుగా వెళ్లాల్సి వస్తుంది. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి అయిదు నుంచి పది మాత్రమే. ఆ కొద్దిమందిలోనూ ముందే తెలుసుకుంటే కూతురికి మేలే.

అందరికీ ఒకేసారి చెప్పక్కర్లేదు. ముందు ఇంట్లో ఉండేవాళ్లకు, ఆ తర్వాత రోజూ సాయం చేయగల నలుగురైదుగురికి చెప్పండి. మిగతా బంధువులకు చెప్పే పని మరొకరికి అప్పగించండి. తమ్ముడో మరదలో వాట్సాప్‌లో వారానికి ఒకసారి రాస్తే చాలు. లేదంటే కీమో అయి నీరసంగా పడుకున్న రోజున ఇరవై ఫోన్లకు అదే కథ మళ్లీ మళ్లీ చెప్పాలి.

పిల్లలకు అబద్ధం చెప్పొద్దు. వాళ్లు మూసిన తలుపుల వెనక గుసగుసలు వింటారు, లేనిపోనివి ఊహించుకుంటారు. చిన్నపిల్లలైతే ఇలా చెప్పొచ్చు: "అమ్మకి ఇక్కడ గడ్డ వచ్చిందిరా. డాక్టర్లు గట్టి మందు ఇస్తున్నారు. ఆ మందుకి జుట్టు ఊడిపోతుంది, మళ్లీ వస్తుంది. నువ్వేం చేసినందుకూ ఇది రాలేదు. నన్ను ముట్టుకుంటే నీకు అంటుకోదు." చివరి రెండు మాటలు వాళ్లకు చాలా ముఖ్యం. బడిలో టీచర్‌కు కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

అత్తగారూ మామగారూ ఉన్న ఇంట్లో ఆ మాట మీ భర్త నోటి నుంచి రావాలి, కోడలి నోటి నుంచి కాదు. "అమ్మా, దీనికి జబ్బు చేసింది, నయమయ్యే జబ్బే, నువ్వు మాకు తోడుండాలి" అని కొడుకు అంటే ఆ ఇంటి పద్ధతే మారిపోతుంది.

దేవుడి దగ్గర

"పూర్వజన్మ పాపం" అని మీ మనసు మిమ్మల్ని గుచ్చుతుంటే, ఎవరైనా గుచ్చుతుంటే, ఒక్కసారి ఎం.ఎన్.జె. ఆవరణలో కూర్చున్న జనాన్ని తలచుకోండి. నిత్యపూజ చేసేవాళ్లు, అయిదు పూటలా నమాజు చేసేవాళ్లు, పాస్టర్ గారి భార్యలు, దేవుణ్ణి తలవనివాళ్లు, అందరూ అక్కడున్నారు. జబ్బు ఎవరి భక్తినీ కొలవడానికి రాదు. మీరు దేవుడితో కోపంగా మాట్లాడినా అదీ ప్రార్థనే అని నేను నమ్ముతాను.

ఇక పద్ధతులు. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆసుపత్రిలో ఎవరూ చెప్పరు, మనం అడగం.

ఉపవాసాలు: కీమో నడుస్తున్నన్నాళ్లు నిరాహారంగా ఉండొద్దు. ఒంట్లో కణాలు మళ్లీ పుట్టడానికి తిండి కావాలి. శనివారమైతే ఒంటిపూట అన్నం మానే బదులు ఉల్లి, వెల్లుల్లి మానేసి స్వామికి దణ్ణం పెట్టుకోండి. రంజాన్‌లో రోగులకు రోజా మినహాయింపు ఉంది, తర్వాత నెరవేర్చుకునే దారీ ఉంది. ఇమామ్ గారిని అడిగితే మీ మనసు నిమ్మళిస్తుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్లేవాళ్లు ప్రార్థన ఉంచుకుని ఉపవాసాన్ని తోటి విశ్వాసులకు అప్పగించండి. మీ కోసం పది మంది ఉపవాసం ఉండటం కూడా గొప్ప సంగతే.

తలనీలాలు: మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు చాలా రకాల మందులతో జుట్టు రాలుతుంది. దిండు మీద కుచ్చులు కుచ్చులుగా జుట్టు చూసి కుమిలిపోయే బదులు, ముందే తిరుమలకో మీ ఇలవేల్పు గుడికో వెళ్లి తలనీలాలు సమర్పించే ఆడవాళ్లున్నారు. జబ్బు లాక్కునే లోపు తామే ఇచ్చామన్న తృప్తి వాళ్లలో కనిపిస్తుంది. మీకూ అలా చేయాలనిపిస్తే కీమో మొదలుకాకముందే వెళ్లండి. కీమో మొదలయ్యాక రక్తకణాలు తగ్గి ఉంటాయి, కత్తి గాటు పడితే చీము పట్టే ప్రమాదం ఉంది. అప్పుడైతే ఇంట్లోనే ట్రిమ్మర్‌తో పొట్టిగా తీయించుకోండి.

మంగళసూత్రం: ఎం.ఆర్.ఐ.కి, ఆపరేషన్‌కు లోహం ఏదీ ఒంటిమీద ఉండకూడదు. తాళి, మట్టెలు తీయమన్నప్పుడు స్కానింగ్ గది గుమ్మంలో ఏడ్చేవాళ్లు ఎందరో. ముందురోజే ఇంట్లో దేవుడి ముందు తీసి, పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని వెళ్లండి. అదైనా ఉంచుకోవచ్చా అని అక్కడి సిస్టర్‌ను అడగండి.

గుళ్లు, సభలు: కీమో ఎక్కించిన తర్వాత సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు కౌంట్ (రక్తకణాల సంఖ్య) బాగా పడిపోతుంది. ఆ రోజుల్లో జాతరలు, క్యూలైన్లు, కిక్కిరిసిన ప్రార్థనా సభలు వద్దు. తీర్థం ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లతో చేసుకోండి. పూజారి గారినో పాస్టర్ గారినో ఫోన్‌లో ప్రార్థన చేయమనండి.

పసరు, స్వస్థత: "మందులు ఆపేయ్, నమ్మకం ఉంచు" అన్న వాళ్లెవరైనా సరే, ఎంత పేరున్నవాళ్లయినా సరే, వాళ్ల మాట వినొద్దు. ప్రార్థన చేస్తూనే మందు వాడమనేవాళ్లే మీ క్షేమం కోరేవాళ్లు. ఆకుపసర్లు, లేహ్యాలు, కషాయాలు వాడుతుంటే డాక్టర్‌కు చెప్పి తీరాలి. వాటిలో కొన్ని కాలేయం మీద భారం వేస్తాయి, కొన్ని కీమో మందుకు అడ్డుపడతాయి.

పనులు పంచండి

"ఏం కావాలన్నా అడుగు" అనేవాళ్లు చాలామంది వస్తారు. అది మంచి మనసుతోనే అంటారు. కానీ జబ్బుతో ఉన్న మనిషి అడగలేదు. అందుకే ఇంట్లో ఒకరు పుస్తకం తీసి పని, పేరు, రోజు రాసేయాలి. పక్కింటి పిన్నిగారు మంగళవారం పిల్లలకు క్యారేజీ. బాబాయి కీమో రోజున కారు. ఆడపడుచు మొదటి అయిదు రోజులు ఇంట్లో మకాం. మీరు బతిమాలినట్టు కాదు, వాళ్లు అన్నమాట నిలబెట్టుకునేందుకు దారి చూపినట్టు.

అమెరికాలోనో దుబాయిలోనో ఉన్న కొడుకులు, కూతుళ్లు రావడం కుదరక నలిగిపోతుంటారు, ఆ బాధలో ఇంటర్నెట్ వ్యాసాలు పంపుతుంటారు. వాళ్లకూ ఒక పని ఇవ్వండి. రిపోర్టులన్నీ స్కాన్ చేసి వరుసలో దాచడం, ఇన్సూరెన్స్ కాగితాలు చూడటం, డాక్టర్‌ని కలిసేటప్పుడు వీడియో కాల్‌లో ఉండటం దూరం నుంచీ చేయొచ్చు. అయితే వైద్యం గురించి నిర్ణయం చెప్పే గొంతు ఒక్కటే ఉండాలి, ఆ గొంతు మీదే కావాలి.

భర్తకు ఒక మాట. అయ్యా, డబ్బు తేవడంతో మీ పని అయిపోదు. ఆపరేషన్ తర్వాత కట్టు విప్పిన రోజు పక్కన ఉండండి. ఆ మచ్చ చూసి ముఖం తిప్పుకోకండి. మంచం వేరు చేయకండి. కీమో ఎక్కించిన రెండు మూడు రోజులు వాంతులు, మూత్రం శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, అంతే, ఆమె కంచం, గ్లాసు వేరు చేయనక్కర్లేదు. వైద్యం నడిచేటప్పుడు గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. ఇంకా పిల్లలు కావాలనుకునే వయసైతే కీమో మొదలయ్యే ముందే ఇద్దరూ కలిసి డాక్టర్‌తో ఆ సంగతి మాట్లాడండి. ఆమె సిగ్గుపడి అడగదు, మీరే అడగాలి.

డబ్బు

పొలం అమ్మే ముందు, వడ్డీకి తెచ్చే ముందు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గరికి వెళ్లండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఈ పథకం పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ వీటిలో ఉన్నాయి. మీరు వెళ్లే ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో, మీకు రాసిన మందు అందులో వస్తుందో లేదో మొదటి రోజే అడగండి. రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు పది తీసి ఫైల్లో పెట్టండి. పథకంలో రాని ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు చేయవచ్చు, అసలు బిల్లులు పారేయకండి.

వైద్యానికి రైల్లో వెళ్లేవాళ్లకు డాక్టర్ సంతకంతో ఫారం ఉంటే స్లీపర్, థర్డ్ ఏసీలో రోగికి టికెట్ ఉచితం, తోడు వచ్చేవాళ్లకు 75 శాతం తగ్గింపు. హెర్2 ఇంజెక్షన్ ధర విని బెదిరిపోకండి, 2014 నుంచి మన దేశంలోనే తయారైన బయోసిమిలర్ (అసలు మందును పోలి, అలాగే పనిచేసే) రకాలు దొరుకుతున్నాయి, వాటి గురించి అడగండి.

కీమో రోజుల్లో

థర్మామీటర్ ఇంట్లో ఉండి తీరాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే డోలో వేసుకుని పడుకోవడం కుదరదు, రాత్రి రెండైనా సరే ఆసుపత్రికి వెళ్లాలి. అందుకే రాత్రిపూట కారు లేదా ఆటో తెచ్చే మనిషి పేరు, నంబరు గోడమీద అంటించండి. అన్నిటికన్నా ముఖ్యమైన సాయం అది.

తిండి వేడివేడిగా, అప్పుడే వండినది కావాలి. రాగి జావ, ఇడ్లీ, మెత్తటి అన్నంలో పెసరకట్టు, పూర్తిగా ఉడికిన గుడ్డు. నోరు పూసినప్పుడు ఆవకాయ, మిరపకాయ బజ్జీ పక్కన పెట్టండి. బయటి పచ్చళ్లు, కోసి అమ్మే పళ్లు, పానీపూరి వద్దు. కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు పెట్టండి. "తినవే, తింటేనే బలం" అని పోరు పెట్టేవాళ్ల కంటే, గిన్నె అక్కడ పెట్టి మూత తీసి వెళ్లేవాళ్లే మేలు.

చూడ్డానికి వచ్చేవాళ్లను గుమ్మంలోనే ఆపే పని ఇంట్లో ఒక పెద్దమనిషికి ఇవ్వండి. "ఈ వారం కౌంట్ తక్కువగా ఉందండీ, వచ్చే ఆదివారం రండి, కాసేపు కూర్చుందాం" అంటే ఎవరూ నొచ్చుకోరు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు అసలే రాకూడదు.

ఆపరేషన్, కరెంటు

రొమ్మంతా తీయాల్సిన అవసరం అందరికీ ఉండదు. గడ్డ, చుట్టూ కొంత తీసి రేడియేషన్ ఇచ్చే పద్ధతి చాలామందికి సరిపోతుంది. మీకు ఏది కుదురుతుందో అడగండి. చంకలో గ్రంథులు తీసినవాళ్లు ఆ చేతికి బీపీ, ఇంజెక్షన్ వద్దని చెప్పండి. ఫిజియోథెరపీ వాళ్లు నేర్పిన వ్యాయామం రోజూ చేయండి. బిందె మోయడం, రుబ్బడం కొన్నాళ్లు ఇంకొకరి పని.

రేడియేషన్‌ను మన ఊళ్లలో కరెంటు పెట్టడం అంటారు. వారానికి అయిదు రోజుల చొప్పున మూడు నుంచి అయిదారు వారాలు వెళ్లాలి. దూరపు ఊరివాళ్లు ఆసుపత్రి దగ్గర గది చూసుకోవాలి, చర్చి, సత్రం, కులసంఘం హాస్టల్, ఎవరినైనా మొహమాటం లేకుండా అడగండి. చర్మం మీద గీసిన గుర్తులు చెరపకండి. అక్కడ పసుపు, గంధం, పౌడరు, నూనె రాయొద్దు.

సంఘం, మనసు

ఇదే దారి నడిచి వచ్చిన ఒక్క ఆడమనిషిని వెతికి పట్టుకోండి. ఆసుపత్రిలో సిస్టర్లను, ఆశా కార్యకర్తను, డ్వాక్రా సంఘం లీడర్‌ను అడిగితే దొరుకుతారు. "నాకూ అలాగే నోరు చేదుగా ఉండేది, నాలుగు నెలలకు పోయింది" అని ఆవిడ అంటే కలిగే ధైర్యం డాక్టర్ చెప్పినా రాదు. నటి గౌతమి తాను బయటపడ్డాక ఇతర రోగుల కోసం ఫౌండేషన్ పెట్టారు. మరో నటి హంసానందిని 2021 డిసెంబరులో జుట్టు లేని ఫొటోతో తన జబ్బు సంగతి అందరికీ చెప్పారు, మళ్లీ షూటింగులకు వెళ్లారు. పేరున్నవాళ్లు చెప్పడం వల్ల పేరులేని వేలమందికి నోరు విప్పే ధైర్యం వచ్చింది.

ఇరుగుపొరుగువారికి కూడా ఒక పని ఉంది. శ్రావణ శుక్రవారం పేరంటానికి ఆమెను పిలవండి. తలమీద కొంగు కప్పుకుని వచ్చినా, స్కార్ఫ్ కట్టుకుని వచ్చినా అందరిలాగే పసుపు రాసి వాయనం ఇవ్వండి. రాలేకపోతే వాయనం ఇంటికి పంపండి. క్రిస్మస్‌కు, రంజాన్ పండగకు, బతుకమ్మకు కూడా అంతే.

నిద్ర పట్టక, ఏడుపు ఆగక రోజులు గడుస్తుంటే అది మీ భక్తి తక్కువై కాదు. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ కేంద్రంలో తెలుగులో మాట్లాడతారు, ఉచితం. జబ్బు ముదిరి నొప్పి ఎక్కువైతే దాన్ని భరిస్తూ కూర్చోవద్దు. నొప్పి తగ్గించే పాలియేటివ్ విభాగం ఎం.ఎన్.జె.లో ఉంది, హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ (జబ్బు ముదిరినవాళ్లను చూసుకునే ఆశ్రయం) ఉచితంగా చూసుకుంటుంది. అక్కడికి తీసుకెళ్లడమంటే చేతులెత్తేయడం కాదు.

వైద్యం అయ్యాక

కొబ్బరికాయ కొట్టి, చర్చిలో సాక్ష్యం చెప్పి, మొక్కు తీర్చుకుని సంతోషపడండి. అయితే మాత్రలు ఆపకండి. హార్మోన్ మాత్రలు అయిదేళ్లు, కొందరికి పదేళ్లు వేసుకోవాలి. "బాగానే ఉందిగా" అని మధ్యలో మానేసేవాళ్లు చాలామంది. దేవుడి గూట్లో దీపం దగ్గరే మాత్రల డబ్బా పెట్టుకుంటే రోజూ గుర్తుంటుంది. మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టర్‌కు చూపించుకోవాలి, ఏడాదికోసారి మమోగ్రామ్ తీయించుకోవాలి.

మీ అక్కచెల్లెళ్లను, ముప్పై దాటిన కూతుళ్లను కూర్చోబెట్టి మీకు ఏ వయసులో వచ్చిందో చెప్పండి. మీకు చిన్న వయసులో వచ్చినా, మీ అమ్మకో పిన్నికో కూడా వచ్చి ఉన్నా జన్యు పరీక్ష అవసరమా అని మీ డాక్టర్‌నే అడగండి. వాళ్లకు మమోగ్రామ్ ఏ వయసు నుంచి మొదలుపెట్టాలో కూడా ఆ రోజే రాయించుకుని, ఆ కాగితం జిరాక్స్ తీసి ఒక్కొక్కరి చేతికి ఇవ్వండి.